కళ్లు మిగిలిపోయిన బొమ్మ

“ఇగ కండ్లే మిగిలినయ్ బిడ్డా. ఎండ రానియ్, పెడత.”

“ఎండ వచ్చేసరికి నువ్వు మర్చిపోతవు తాతా.”

మా ఇద్దరి మధ్య ఆఖరున నడిచిన మాటలు ఇవే. మొదటి మాట మా ఆయన తాతది, రెండోది నాది. అప్పటికి నాకు పన్నెండేళ్లు. ఆయనకు ఎనభై దాటి ఎన్నేళ్లయిందో ఆయనకే లెక్క తెలియదు. నా మాటలో ఉక్రోషం ఉందని ఆయనకు తెలిసే ఉంటుంది. వాకిలి దిక్కు మొఖం పెట్టుకుని వాన చప్పుడు వింటూ కూర్చున్నాడు.

మొన్న ఆదివారం నా మనవరాలు ఫోను పట్టుకుని నా మంచం దగ్గరికి వచ్చింది. ఇది నా కొడుకు బిడ్డ, మాదాపూర్‌లో కంప్యూటర్ల కొలువు. మేము ఉండేది నానక్‌రామ్‌గూడలో పదిహేడో అంతస్తు. నేను కొత్త కోడలిగా కాలుపెట్టిన ఇల్లు ఎక్కడ ఉండేదో ఈ కిటికీలోంచి వేలు పెట్టి చూపిస్తాను గానీ, ఇప్పుడక్కడ కార్లు నిలబెట్టే జాగా ఉంది. “నానమ్మా, నీకొకటి చూపిస్త, ఏడువొద్దు మరి” అన్నది. నా గోడకున్న మా అమ్మ బొమ్మను ఫోటో తీసి, ఫోనులో ఏదో మిషనుకు చెప్పి, కళ్లు పెట్టించిందట. డెబ్బై ఏళ్లు దాటింది ఆ బొమ్మ వేసి. ముక్కు ఉంది, నోరు ఉంది, నుదుట బొట్టు ఉంది. కళ్లుండాల్సిన చోట మాత్రం ఉత్త రంగు.

అద్దాలు పెట్టుకుని చూశాను. కళ్లున్నాయి. పెద్దవి, తడితడిగా, చక్కగా ఉన్నాయి. కానీ ఆ మిషను కళ్లతో ఆగలేదు. మొఖమంతా తోమి తెల్లగా చేసి పెట్టింది. మా అమ్మ నల్లని మనిషి.

“గీమె ఎవరే?” అన్నాను.

“మీ అమ్మనే, నానమ్మా.”

“మా అమ్మకు సున్నం కొట్టినట్టున్నరు.”

పిల్ల చిన్నబోయింది. నాకు మాత్రం నవ్వాగలేదు, దగ్గు వచ్చేదాకా నవ్వాను. ఎందుకంటే ఈ తప్పు నేను ఇదివరకే ఒకసారి చూశాను. “నీ మిషను మా తాత దగ్గర పని నేర్చుకున్నట్టున్నది” అన్నాను. ఏ తాత, ఏం పని అని అడిగింది. చదువు నాకు అబ్బలేదు, సంతకం ఒక్కటే వచ్చు. నేను చెప్తాను, నువ్వు రాయి అన్నాను. కాగితాలు తెచ్చుకుని మంచం పక్కన కూర్చుంది.

తాత బొమ్మలు వేసిన కాలం నేను చూసింది కాదు. ఆయన వైభవమంతా పోయిన శతాబ్దానికి ముందు శతాబ్దంలోది. పటం విప్పి ఊరూరా కులకథలు చెప్పుకునేవాళ్లుంటారు, వాళ్లకు ఆ పటాలు రాసే ఇంట్లో పుట్టాడు. పదేళ్లప్పుడు సికింద్రాబాద్ లష్కర్‌లో బొమ్మలు వేసే ఒక తెల్లదొర దగ్గర రంగులు నూరడానికి చేరాడు. ఆ దొర తన దేశం వెళ్లిపోయేనాటికి నూనె రంగులతో మనిషిని మనిషిలా దించడం ఈయన చేతికి వచ్చేసింది. ఇగ పట్నంలో నవాబులు, జాగీర్దార్లు, పెద్ద దొరలు, వాళ్ల దేవిడీల నుంచి, పెద్ద పెద్ద బంగళాలవి, ఈయన కోసం గుర్రపు బండి వచ్చేదట. ముసవ్విర్ సాబ్, అంటే బొమ్మలేసే సాబ్, అని పిలిచేవారట. ఒక జాగీర్దారు ఆయన్ని మెచ్చి ఇక్కడ బండల నడుమ రెండెకరాలు ఇనామిచ్చాడు. రాళ్ల భూమి అది, జొన్న కూడా మొలకెత్తాలా వద్దా అని ఆలోచించేది. ఆ తర్వాత ఫోటో డబ్బా వచ్చింది. గుర్రపు బండి రావడం మానేసింది. ముసవ్విర్ సాబ్ పట్నం వదిలి ఈ ఊరికి వచ్చి బొమ్మల తాత అయిపోయాడు.

పోలీసు చర్య అయిన మరుసటి ఏడు నా పెళ్లి. అంతకు రెండేళ్ల ముందు మా అమ్మ గత్తరతో పోయింది, పొద్దున వాంతులు మొదలైతే సాయంత్రానికి లేదు. తల్లి లేని ఆడపిల్ల ఇంట్లో ఎందుకని మా నాయన నన్ను ఈడు రాకముందే అత్తగారింటికి పంపేశాడు. వచ్చిన మొదటిరోజే మా అత్త చాట తెమ్మని వెనక అర్రలోకి తోలింది. లోపల చీకటి. జొన్నల గుమ్మి చాటున గోడకు ఆనుకుని ఐదుగురు మనుషులు. ఒకాయన నడుముకు కత్తి, ఒకాయన ఛాతీ నిండా బిళ్లలు, ఒకామెకు మెడ నిండా ముత్యాలు. ఎవరికీ తలకాయలు లేవు. నేను పెట్టిన కేకకు చాట ఒకదిక్కు, నేను ఒకదిక్కు పడ్డాం.

“ఏందే గా లొల్లి?” అని మా అత్త వాకిట్లోంచే అరిచింది.

“తలకాయల్లేని మనుషులున్నరు అత్తా!”

“ఉంటరు. వాళ్లు తినరు, తాగరు, నీ లెక్క చాటలు పారేయరు. తే, పో.”

తర్వాత తాతే నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పాడు. “దొరలకు తీరిక ఉండదు బిడ్డా. రెండు పొద్దులు గూడ సక్కగ కూసోరు. అందుకే ఒళ్లంత ఇంటికాడనే ఏసి పెట్టుకునేటోణ్ని. సన్న ఒళ్లు, లావు ఒళ్లు, కత్తున్న ఒళ్లు, కత్తి లేని ఒళ్లు. ఆడికి పోయినంక తలకాయ ఒక్కటి పెట్టేది.” మరి వీళ్లకెందుకు పెట్టలేదని అడిగాను. “వీళ్ల తలకాయలను ఫోటో డబ్బా ఎత్కపోయింది” అన్నాడు.

తలకాయ పెట్టినా కళ్లు మాత్రం అన్నిటికంటే ఆఖరున పెట్టేవాడట. అది తెల్లదొర నేర్పింది కాదు, వాళ్ల ఇంటి ఆచారం. పటాలు రాసేవాళ్లు బొమ్మంతా అయ్యాక మంచి పొద్దు చూసుకుని, దీపం పెట్టి, కొబ్బరికాయ కొట్టి కళ్లు తెరుస్తారు. కళ్లు తెరిచేదాకా అది ఉత్త గుడ్డ. తొక్కినా దోషం లేదు, చుట్టి మూలకు పడేసినా దోషం లేదు. తెరిచాక అది మనిషితో సమానం. వెనక అర్రలో ఉన్నవాళ్లకు కళ్ల మాట దేవుడెరుగు, మెడల పైన ఏమీ లేదు కాబట్టి మా అత్త ఒకరిద్దరి మీద మిరపకాయలు ఆరబోసేది కూడా. ఛాతీ మీద బిళ్లలున్న దొర మీద ఎర్రగా మిరపకాయలు ఎండుతుంటే చూడముచ్చటగా ఉండేది.

ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒకనాడు జొన్నలు విసురుతున్నాను. విసురుతుంటే మా అమ్మ గుర్తొచ్చింది. ఆమె చేతులు గుర్తొచ్చాయి, రాయి మోసి మోసి కాయలు కాసిన అరచేతులు, విసుర్రాయి తిరుగుతుంటే వెండి కడియం పిడికి తగిలే చప్పుడు. కొంగు వాసన గుర్తొచ్చింది. మొఖం చూద్దామని తల ఎత్తాను, అంటే మనసులోనే. అక్కడ ఏమీ లేదు. ఒళ్లుంది, చీర ఉంది, మెడ పైన ఏమీ లేదు. మా అమ్మ పోయి వెనక అర్రలో మనుషుల్లో కలిసిపోయింది. నా చేయి ఆగిపోయింది. గింజలు అట్లాగే వదిలేసి తాత దగ్గరికి ఉరికాను.

“తాతా, మా అమ్మకు తలకాయ పెడతవా?”

ఆయనకు నా మాట అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక తల అడ్డంగా ఊపాడు. “నా కండ్లకు పొర వచ్చింది. చెయ్యి వణుకుతది. కుంచె ముట్టక ముప్పై ఏండ్లాయె. పో బిడ్డా, పొయ్యి మజ్జిగ తే.” తెచ్చాను. అందులో ఉప్పు వేయలేదు. ఆ మర్నాడూ వేయలేదు. పన్నెండేళ్ల కోడలి కోపం అంతకంటే ఎక్కడిదాకా పోతుంది? ఆయన చప్పిడి మజ్జిగ కిక్కురుమనకుండా తాగాడు.

ఆ రోజుల్లోనే మా మేనమామ వచ్చాడు. మా అమ్మకు ఒక్కడే తమ్ముడు, బండి తోలేవాడు. మా ఊళ్ల నుంచి రాయి ఎత్తుకుని పట్నం పోయేవాడు, పట్నంలో ఏది దొరికితే అది ఎత్తుకుని వచ్చేవాడు. ఆ రోజు బెల్లం వేసుకుని వస్తుంటే దారిలో గాలివాన పట్టుకుందట. మా వాకిట్లో బండి ఆపి, పైన కప్పిన దళసరి గుడ్డ చూపించి మురిసిపోతున్నాడు. “ఏం గుడ్డ దొరికిందనుకున్నవ్ బిడ్డా! ఇంత వాన దంచింది, సుక్క దిగలే.” గుడ్డ పట్టి లేపాడు. లోపలివైపు పాగా చుట్టుకున్న నవాబు ఒకాయన మీసాలు దువ్వుకుని మమ్మల్ని చూస్తున్నాడు.

జాగీర్లు పోయాయి కదా, దేవిడీల్లో సామాన్లన్నీ బయటపెట్టి అమ్ముకుంటున్నారు. బొమ్మల చుట్టూ ఉండే చట్రాలు మంచి టేకువి. చట్రాలు కొనుక్కున్నవాడు చెక్క తీసుకుని గుడ్డ పడేసి పోతే, మామ ఏరుకుని వచ్చాడు. ఆయనకు ఈ ఇంట్లో ముసలాయన బొమ్మలు వేసేవాడని తెలుసు గానీ, ఆ బొమ్మలు ఈ బొమ్మలని తెలియదు. తాత మంచం మీది నుంచి లేచాడు. గోడ పట్టుకుని, నా భుజం పట్టుకుని, బండి దాకా వచ్చాడు. గుడ్డ మీద అరచేయి ఆనించాడు. ఛాతీ మీది బిళ్లల దగ్గర రంగు ఉబ్బెత్తుగా ఉంది, వాటిని ఒక్కొక్కటీ వేళ్లతో తడిమాడు. పాగా తడిమాడు. కళ్ల దగ్గరికి వచ్చేసరికి వేళ్లు ఆగిపోయాయి.

“వాన పడ్డదా దీని మీద?” అని అడిగాడు.

“గంట సేపు పడ్డది ముసలాయనా.”

“బెల్లం తడిసిందా?”

“ఒక్క ముద్ద గూడ తడువలే.”

“అయితె మంచిగనే ఏసిన” అన్నాడు తాత.

అప్పుడు తెలిసింది మామకు. మొఖం మాడిపోయింది. “నాకేం ఎరుక? తీస్కో ముసలాయనా, నీదే గద” అని గుడ్డ చుట్టి ఇవ్వబోయాడు. తాత తీసుకోలేదు. “వద్దు, కప్పుకోనే పో. ఈయన కోసం ఏడ్సేటోళ్లు ఎవరు లేరు. నీ బెల్లమన్న బతుకుతది. మొఖం మాత్రం లోపలి దిక్కే ఉండనియ్, ఎండ కండ్లల్ల పడనియ్యకు.” ఆ పూట ఆయన అన్నం ముట్టలేదు. బండి పక్కన రాయి మీద కూర్చుని పొద్దుగూకేదాకా అక్కడే ఉన్నాడు. ఎద్దులు రెండూ ఆయన్ని చూస్తూ నెమరేసుకున్నాయి.

తెల్లారి నేను మజ్జిగ తీసుకుపోతే చెంబు అందుకోకుండానే అడిగాడు. “మీ అమ్మ ముక్కు ఎవలకు వచ్చింది?”

“మామకు.”

“అయితె వాణ్ని పోనియ్యకు.”

ఆ రోజు మజ్జిగలో ఉప్పు రెండింతలు పడింది.

పోయినవాళ్ల బొమ్మలు దేవిడీల్లో ఎన్నో వేశాడట తాత. ఆయనకు దానికో పద్ధతి ఉండేది. పోయిన మనిషి మొఖం ఎక్కడికీ పోదనేవాడు, రక్తసంబంధీకుల మొఖాల్లో తలా ఇంత చెదిరిపోయి ఉంటుందనేవాడు. ముక్కు ఒకరి దగ్గర, గదవ, అదే గడ్డం, ఒకరి దగ్గర, నుదురు ఇంకొకరి దగ్గర. అందరినీ పిలిపించి ఎవరి దగ్గరున్నది వాళ్ల దగ్గర తీసుకుని ఒక చోట పేర్చేవాడు. మా మామను వాకిట్లో బోర్లించిన రోటి మీద కూర్చోబెట్టారు. తాతకు పొద్దుటి ఎండ నేరుగా పడితేనే ఏదైనా కనిపించేది. కనుక ఆ గంటన్నర తప్ప మిగతా రోజంతా పని లేదు.

“ఇటు తిరుగు. గిట్ల గాదు, అటు. ముక్కుతోని గట్టిగ పీల్చకు, కదులుతున్నది.”

“ముక్కుతోని గాకపోతె ఏడికెల్లి పీల్చాలె ముసలాయనా?”

“నోరున్నది గద. పొద్దటి సంది తెరిచే ఉన్నది.”

మా అత్త పొయ్యి దగ్గర నుంచి పకపకా నవ్వడం నేను మొదటిసారి విన్నది అప్పుడే. మామ మూడు రోజులు కూర్చుని, ముక్కు ఇచ్చేసి, బండి కట్టుకుని పోయాడు. నుదురు, గదవ తాత నావి తీసుకున్నాడు. నోటికి ఎవరూ దొరకలేదు, కింది పెదవి మీద చిన్న మచ్చ ఉండేదని మాత్రం నాకు గుర్తుంది, అది చెప్పాను. తర్వాత ఒక ప్రశ్న వేశాడు. “కోపం వస్తె ఏం చేసేది మీ అమ్మ?” నేను ఆలోచించాను. మా అమ్మ అరిచేది కాదు. తల వంచుకుని తన పని తాను చేసుకుంటూనే, తల ఎత్తకుండా, కళ్లు మాత్రం పైకెత్తి చూసేది. కోపమొచ్చినా అదే చూపు, ముద్దొచ్చినా అదే చూపు. ఏదో మనమే తెలుసుకోవాలి. చెప్పాను. తాత కుంచె కింద పెట్టి, “అగో, అది దొరికింది. దాన్ని ఆఖరుకు ఉంచుదాం” అన్నాడు.

ఒళ్లు కొత్తగా వేసే ఓపిక ఆయనకు లేదు. వెనక అర్రలో ఆడమనిషి ఒళ్లు ఒక్కటే ఉంది. ఏ దొరసాని కోసమో వేసింది, ఆకుపచ్చ జరీ చీర, మెడలో ఏడుపేటల ముత్యాలు, ఒక చేయి కుర్చీ మీద, ఇంకో చేతిలో గులాబీ పువ్వు. రాళ్లు మోసిన మా అమ్మ పోయి ముత్యాలు వేసుకుని కుర్చీలో కూర్చుంది. ముత్యాలు వద్దని నేను అనలేదు. పన్నెండేళ్ల దాన్నే గానీ అంత తెలివితక్కువదాన్ని కాదు.

పదో రోజో పన్నెండో రోజో, వచ్చి చూడమన్నాడు. చూశాను. మామ ముక్కు కుదిరింది. నా నుదురు కుదిరింది. పెదవి మీద మచ్చ కూడా ఉంది. కానీ మొఖం మజ్జిగ రంగులో ఉంది.

“గీమె మా అమ్మ గాదు” అన్నాను.

“ఎట్ల గాదు?”

“మా అమ్మ నల్లగుంటది.”

తాతకు కోపమొచ్చింది. చేతిలో గుడ్డ విసిరికొట్టాడు. ఆ కోపం నా మీద కాదని తర్వాత తెలిసింది. కుర్రతనంలో ఆయన ఒక జాగీర్దారును ఉన్నదున్నట్టు వేశాడట. నల్లని మొఖం, దాని మీద అమ్మవారి మచ్చలు. జాగీర్దారు ఆ బొమ్మను చాలాసేపు చూసి, నౌకరును పిలిచి దాన్ని గోడకేసి తిప్పి తగిలించమన్నాడట. ఏడాది పాటు ఏ దేవిడీ నుంచీ బండి రాలేదు. ఆ తర్వాత తాత చేతి నుంచి నల్లని మనిషి పుట్టలేదు. “నేను తెల్లగ కలుపుదామని కలుపలే బిడ్డా. నా చెయ్యే పొయ్యి తెలుపుల పడ్డది” అన్నాడు కాసేపటికి, చల్లబడి. “బతుకంత నన్ను నల్లగ ఏయమన్నోళ్లు లేరు. నువ్వే మొదలు. ఎంత నలుపు మీ అమ్మ?”

నా చేయి చాపి, “దీనికంటె ఇంకింత” అన్నాను.

నల్లని మొఖానికి పనికొచ్చే రంగులు ఆయన పాత రంగుల పెట్టెలో ఉంటే గదా, వాటి అవసరం ఏనాడు పడిందని! గడపలకు పూసే ఎర్ర జాజు తెచ్చాను. అవిసె నూనె ఇంట్లోనే ఉంది. మసి కోసం దీపం గూడు గోకుతుంటే మా అత్త పట్టుకుంది. “ఏం పనే అది?” “మా అమ్మ మొఖానికి అత్తా.” ఆమె వంటింట్లోకి పోయి గంజి వార్చే కుండ తెచ్చి నా ముందు బోర్లించింది. “గిది గోకు. దీపం మసి కంటె నల్లగుంటది.” జాజు, కుండ మసి, అవిసె నూనె కలిపి తాత నూరుతుంటే, నేను నా చేయి పక్కన పెట్టి ఎండలో పోల్చి చెప్పేదాన్ని. ఇంకొంచెం ఎరుపు తాతా. ఇంకింత మసి. ఆయనకు సరిగా కనిపించదు, నాకు వేయడం రాదు. ఇద్దరం కలిస్తే ఒక మనిషి. మజ్జిగ మొఖం మీద మా అమ్మ కొంచెం కొంచెంగా తేలి వచ్చింది. ఒకరోజు పొద్దున వాకిలి ఊడుస్తూ తల తిప్పి చూశాను, ఆమె అక్కడ ఉంది. చీపురు కింద పడేశాను.

అప్పటికే కళ్లు పెట్టేస్తానన్నాడు తాత. నేనే పెట్టనివ్వలేదు. మొఖం నల్లగా ఉంది, చేతులు దొరసానివే, పాలరాయిలాంటివి. “చేతులెవరు చూస్తరు?” అన్నాడు. “నేను చూస్త” అన్నాను. ఎట్లా వదలను, నాకు అన్నిటికంటే బాగా గుర్తున్నవి ఆ చేతులే. ఎనిమిది రోజులు పోయాయి చేతుల మీద. కాయలు కాసిన అరచేయి కనిపించేలా గులాబీ పువ్వును కొంచెం పక్కకు జరిపాడు. అవి పూర్తయిన రోజు సాయంత్రం మబ్బు పట్టింది. మర్నాటి నుంచి ముసురు.

ఎట్లాంటి ముసురో చెప్పలేను. బండలన్నీ ఏనుగుల్లా తడిసి నిలబడ్డాయి, ఎండ జాడ లేదు. కొబ్బరికాయ తెచ్చి పెట్టుకున్నాం, అది దేవుడి గూట్లో కూర్చుని ఉంది. రోజూ పొద్దున లేవగానే తాత అడిగేవాడు, “ఎండ వచ్చిందా బిడ్డా?” లేదనేదాన్ని. ఐదో రోజు పొద్దున అడిగి, నేను లేదనగానే, ఇగ కళ్లే మిగిలాయన్నాడు. నువ్వు మర్చిపోతావని నేనన్నాను. ఆ మధ్యాహ్నానికి జ్వరం కమ్మింది, మాట పోయింది. ఆ తర్వాత రెండు రోజులే ఉన్నాడు. ఆయన్ని తీసుకుపోయిన మర్నాడు ఎండ కాసింది. కడిగినట్టుగా, ఆకు ఆకు మీదా కాసింది. ఆ ఎండను నేను ఇప్పటికీ మన్నించలేదు.

మళ్లీ వానలు పట్టాయి. ఇల్లు కారడం మొదలైంది. మా అత్త వెనక అర్రలోని దొరలందర్నీ ఒక్కొక్కరినీ లాక్కొచ్చి ఇంటి కప్పు మీద పరిపించింది. కత్తి ఉన్నాయన వంటింటి మీద, బిళ్లలున్నాయన పశువుల కొట్టం మీద. మా అమ్మ బొమ్మకూ కళ్లు తెరవలేదు, ఆచారం ప్రకారం అదీ ఉత్త గుడ్డే. నేను దాన్ని చుట్టి గుమ్మి వెనక దాచి, దానికి అడ్డంగా కూర్చున్నాను. అత్త లోపలికి వచ్చి నన్నూ చూసింది, నా వెనకా చూసింది.

“దానికి కండ్లు లేవు అత్తా, కానీ...” అన్నాను.

“లే, అడ్డం లే. నీకు అమ్మైతె నాకు వియ్యపురాలు గాదే? వియ్యపురాలిని తీస్కపొయ్యి ఇంటి కప్పు మీద పరుస్తనా?” అన్నది. అని, కారుతున్న చోట తన మంచం ఉంటే మంచాన్నే ఇటు జరుపుకుంది.

ఆ మొదటి తెల్లని మొఖానికే నేను సరే అని ఉంటే కళ్లు వచ్చేవి. చేతుల సంగతి వదిలేసినా వచ్చేవి. ఈ మాట నన్ను ఎన్నేళ్లు తిన్నదో నాకే తెలుసు. పిల్లలు పుట్టాక, భూములు పోయాక, బండలు పగలగొట్టి అద్దాల మేడలు లేపుతుంటే ఆ చప్పుడు వింటూ కూడా అదే అనుకున్నాను. మా ఆయన ఉన్నప్పుడు ఒకసారి కూకట్‌పల్లి నుంచి బోర్డులు రాసే అతన్ని పిలిపించి కళ్లు పెట్టిద్దామన్నాడు. వద్దన్నాను. ఎవరి కళ్లని పెడతాడు? “పోనీ తియ్, అత్తకు కండ్లు లేకుంటనే అల్లునికి సుఖం” అని నవ్వేవాడు. ఆయన పోయి కూడా పన్నెండేళ్లయింది. ఆ నవ్వు పోయాక ఇంట్లో ఆ బొమ్మా నేనే మిగిలాం అనిపించేది.

ఇప్పుడీ పిల్ల అంటున్నది, “రంగు మళ్ల మారుస్త నానమ్మా, నల్లగ చేయమని చెప్త మిషనుకు.” వద్దు. దానికి నువ్వు చెప్తే వింటుందేమో, మా తాత కంటే తొందరగానే వింటుందేమో. కానీ ఇప్పుడు ఆ అవసరం లేదు. మూడు రోజులుగా నేను చెప్తున్నాను, ఇది రాస్తున్నది. రాస్తూ రాస్తూ, నేను మధ్యలో ఆగితే, తల అట్లాగే కాగితం మీద వంచుకుని, కళ్లు మాత్రం పైకెత్తి నా దిక్కు చూస్తుంది. తర్వాత ఏమైందని అడిగే చూపు. మొదటిసారి చూసినప్పుడు నేను చెప్తున్నది మర్చిపోయాను. రెండోసారి కావాలనే ఆగాను. నా బిడ్డల్లో లేదు ఆ చూపు, నాలో లేదు. తాత బతికుంటే దీన్ని రోటి మీద కూర్చోబెట్టేవాడు. ఎండ రావడానికి డెబ్బై ఏళ్లు పట్టిందంతే. కాలం మనిషిని తలా ఇంత పంచేసి పోతుంది, ఎవరి దగ్గర ఏముందో దొరికేదాకా మనం బతికి ఉంటే అదే అదృష్టం.

ఇగ చాలు. మొదటి నుంచి చదివి వినిపియ్ బిడ్డా. గబగబా చదువకు. కాయితం మీదనే ఉండకు, నడుమ నడుమ కండ్లెత్తి నా దిక్కు చూడు.